జవాబు చెప్పని ఎలకల తాత

టెక్కలి కాలేజీలో ఆయన సంతాప సభ జరిగిన రోజు నేను మూడో వరసలో కూర్చున్నాను. మొదట్నించీ చివరిదాకా కదలకుండా కూర్చున్నాను. రెండుసార్లు చెయ్యెత్తాను. మొదటిసారి ఎత్తినప్పుడు మైకు తిప్పుతున్న లెక్చరరు గారు నన్ను చూసి తల ఊపి, ఆ మైకు తీసుకెళ్ళి నా వెనక వరసలో ఆయనకి ఇచ్చారు. రెండోసారి ఎత్తేసరికి టీలు వచ్చాయి, సభ అయిపోయింది. తరవాత ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారని తెలిసి నిర్వాహకులకి మూడు ఉత్తరాలు రాశాను. మూడో ఉత్తరానికి రసీదు ఉండేలా కూడా పంపాను. జవాబు లేదు. పుస్తకం మాత్రం వచ్చింది. క్రమశిక్షణ, నిరాడంబరత, సేవాభావం. ఈ మూడు మాటల్నే ముందుకీ వెనక్కీ తిప్పి అంతమందీ రాశారు. ఎలకల మాట ఒక్కరూ రాయలేదు. రాయడానికి వాళ్ళకి తెలిస్తే కదా. తెలిసినవాణ్ణి నేను. నన్ను అడగలేదు. అందుకని అడక్కుండానే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఆ కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరు. ఉండేది మా కాశీబుగ్గలో, రైల్వే గేటుకి ఇవతల, మా వీధి చివరింట్లో. పొద్దున్నే బస్సెక్కి టెక్కలి వెళ్ళేవాడు, సాయంత్రం దిగేవాడు. ఇంటి వెనక వసారాలో తెల్ల ఎలకలు పెంచేవాడు. వాటిని పిల్లలకి ఊరికే ఇచ్చేవాడు. పిల్లలందరికీ కాదు, ఆయన ఒప్పుకున్న పిల్లలకి. అప్పటికి జుట్టింకా పూర్తిగా నెరవకపోయినా వీధంతా ఎలకల తాత అనేవారు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, చొక్కా జేబు. ఎడమవైపు జేబు ఎప్పుడూ సాగిపోయి కిందకి వేలాడేది. అందులో పెన్ను ఉండేది కాదు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా అంతే, వాసన చూసి, తరవాత చదివేవాడు. ఇంకో అలవాటు ఉంది, అది నాకు అస్సలు పడేది కాదు. మనం ఏదైనా అడిగితే చూపుడువేలు పైకెత్తి ఆగమనేవాడు. చేతిలో పని పూర్తయ్యేదాకా ఆ వేలు అలాగే ఉండేది. పని పూర్తయ్యాక “సూద్దాం” అనేవాడు. అడిగిన దానికి జవాబు అవునా కాదా అన్నది మనమే వెతుక్కోవాలి. నేను ఇరవయ్యేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. సూద్దాం అన్న మాటకి అర్థం నాకు బాగా తెలుసు. ఆ మాట నేను కూడా చాలామందికి చెప్పాను.

పెద్ద తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు. మా అమ్మాయికి ఏడేళ్ళు. తుఫానులో మా ఇంటి పెంకులు లేచిపోయినప్పుడు అది వంటింట్లో మంచం కింద ఉంది. ఆ తరవాత చాలాకాలం దానికి గాలంటే భయం. కొబ్బరాకు చప్పుడైతే చాలు, వచ్చి నా చొక్కా అంచు పట్టుకునేది. మాట తగ్గిపోయింది. బళ్ళో టీచరమ్మ ఏం అడిగినా నోరు విప్పేది కాదట. అలాంటి పిల్ల ఒకరోజు బస్టాండులో నా చెయ్యి గుంజి, “నాన్నా, ఆ తాత జేబులో ఎవరో ఉన్నారు,” అంది. ఎన్ని నెలల తరవాతో అంత గట్టిగా మాట్లాడింది. చూస్తే జేబులోంచి గులాబిరంగు ముక్కు ఒకటి బయటికొచ్చి గాలి పీలుస్తోంది.

పిల్లకి అలాంటి ఎలక కావాలట అని ఇంట్లో చెబితే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. “ఓలమ్మ! గాదె దగ్గర బోను పెట్టేదీ మనమే, ఇంట్లో ఎలకల్ని సాకేదీ మనమేనేట్రా? ఊరు నవ్వుద్ది.” ఆఫీసులో మా పక్క సీటాయన ఇంకా నాలుగాకులు ఎక్కువ చదివాడు. “ఏటి బావా, మీ ఇంట్లో బియ్యం మిగిలిపోతన్నాయేటి? మాకు సెప్పకపోయావా, మేం వచ్చి తినీవోళ్ళం గదా.” ఆ మాట ఆయన రిటైరయ్యేదాకా అంటూనే ఉన్నాడు. నాకు గుర్తుంది.

మొదటిసారి పిల్లని తీసుకుని వెళ్ళాను. వసారాలో జాలీ బోనులు వరసగా ఉన్నాయి. మా అమ్మాయి అన్నిటికంటే తెల్లగా ఉన్నదాన్ని చూపించి, “అది కావాలి,” అని తోక పట్టుకోబోయింది. వేలు లేచింది.

“తోక పట్టుకోకూడదు తల్లీ. నీ జడ పట్టుకుని లేపితే నీకెలగుంటాది? సరే, నీకు అది కావాల. దానికి నువ్వు కావాలో వద్దో అడిగావేటి?”

పిల్ల అడ్డంగా తలూపింది.

“సెయ్యి లోన పెట్టి ఊరుకో. నువ్వు ఏరుకోడం కాదు. అదొచ్చి నిన్ను ఏరుకోవాల.”

చెయ్యి పెట్టింది. ఎలకలు వచ్చి వాసన చూశాయి. ఒకటి వేలు చివర కొరికింది, గట్టిగా కాదు. పిల్ల చెయ్యి లాక్కుంది. ఆయన ఆ చెయ్యి తీసుకుని తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఎండుసేప తిన్నావు. దాని తప్పు నేదు, తినీదేమో అనుకుంది. సెయ్యి కడుక్కుని మల్లీ రా. పట్టుకోకముందు కడుక్కోవాల. పట్టుకున్నాక కడుక్కోడం మీ అమ్మ ఇట్టం.”

మరుసటి ఆదివారం పిల్ల చేతులు నేనే సబ్బుతో రుద్ది తీసుకెళ్ళాను. ఈసారి సబ్బు వాసన ఎక్కువైందన్నాడు. అయినా కూర్చోమన్నాడు. పిల్ల వైపు తిరిగి, “రోజూ నీల్లు ఎవరు మారుత్తారు?” అని అడిగాడు. పిల్ల ఆలోచిస్తోంది. నేను, “నేను చూసుకుంటానండి,” అన్నాను.

“గుంటని అడిగాను బావూ. తమర్ని అడగనేదు.”

అంతే. వెళ్ళమన్నాడు. నా బల్ల ముందు తలుపు దాకా జనం నిలబడి ఉంటారు ఆఫీసులో. వాళ్ళలో ఒక్కణ్ణి కూడా నేను కూతురి ఎదురుగా అలా అనలేదు. 

అప్పట్నించి నాకు అనుమానం మొదలైంది. ఈ కాలంలో ఎవరైనా దేన్నైనా ఊరికే ఎందుకు ఇస్తారు? ఇచ్చినవాడు మళ్ళీ వారం వారం ఇళ్ళకి వెళ్ళి వాటిని ఎందుకు చూసుకుంటాడు? మా వీధిలో తీసుకున్నవాళ్ళని అడిగాను. చెప్పాపెట్టకుండా వస్తాడు, వంటింటి గుమ్మం దాకా వస్తాడు, ఎలకని చేత్తో పట్టుకుని బరువు చూస్తాడు, కళ్ళు చూస్తాడు, వెళ్ళిపోతాడు అన్నారు. ఆయన పనిచేసేది ఎలకల్ని కోసే చోట. రెండూ కలిపి చూస్తే నాకు ఒకటే తోచింది. ఎలకపిల్లల్ని మన ఇళ్ళకి పంపి, మన గింజలతో పెంచి, ఎదిగాక ఏదో వంకతో పట్టుకెళ్ళి కాలేజీకి అప్పజెబుతున్నాడు. ఈ మాట మా ఆవిడతో అంటే, “మీకు ఎవరి మీద అనుమానం లేదో అది సెప్పండి ముందు,” అంది.

నేను చూడకుండా మాట్లాడేవాణ్ణి కాదు. ఒకరోజు సెలవు పెట్టి టెక్కలి వెళ్ళాను. ల్యాబులో మందు వాసనకి కళ్ళు మండాయి. పొడుగు బల్లల మీద మైనం పోసిన రేకు పళ్ళేలు. ఒక పళ్ళెంలో తెల్ల ఎలక వెల్లకిలా ఉంది, నాలుగు కాళ్ళకీ గుండుసూదులు. దాన్ని అలా పరుస్తున్నది ఆయనే. నన్ను చూశాడు. ఆశ్చర్యపోలేదు. వేలెత్తాడు. నాలుగో సూది గుచ్చి, చేతులు కడుక్కుని వచ్చాడు.

“నా మీద సీఐడీ పనేటి బావూ? బస్సులో నిలబడొచ్చారా, సీటు దొరికిందా?”

“ఇక్కడ కోసేవి ఎక్కడివి?” అన్నాను.

“ఇవి సర్కారువి. డబ్బాల్లో వత్తాయి. ఈటికి పేర్లుండవు. మా ఇంట్లోవి మా ఇంట్లోవే.”

“అయితే పిల్లలకి ఇచ్చినవాటిని వారం వారం ఎందుకు చూస్తారు?”

పళ్ళెం వైపు చూసి అన్నాడు. “ఈటిని సూడ్డానికి ఎక్కడికి ఎల్లగలను? అయ్యైతే ఎల్లి సూడొచ్చు.”

అది నేను అడిగిన దానికి జవాబు కాదు. అప్పుడే అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను. సంతాప సభలో మాట్లాడినవాళ్ళు ఈ ఒక్క మాట విని ఉంటే ఎంత పొంగిపోయేవారో. నేను పొంగలేదు. బస్సెక్కి ఇంటికొచ్చాను. ఒక చేత్తో సూదులు గుచ్చి, ఇంకో చేత్తో జోకొట్టేవాణ్ణి ఎంతవరకు నమ్మాలి అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను.

మూడోసారి పిల్లే ఏడ్చి లాక్కెళ్ళింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఈసారి చెయ్యి లోపల పెట్టగానే తెల్లది ఒకటి అరచేతిలోకొచ్చి, మణికట్టు దాటి, గౌను చేతిలోకి దూరి, భుజం దగ్గర తేలింది. పిల్ల బిగుసుకుపోయి, నవ్వాపుకుంటూ నిలబడింది. తల మాత్రం గోధుమరంగులో ఉన్న ఇంకోటి దాని వెనకే వచ్చింది. రెండూ ఆడవే. రెండు ఇస్తాడు, ఒకటి ఎవరికీ ఇవ్వడు, ఒంటరిదైతే దిగులుపడి తిండి మానేస్తుందంటాడు. ఒకటి ఆడ, ఒకటి మగ కూడా ఇవ్వడు. ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇచ్చే ముందు ఆయన ప్రతి పిల్లనీ ఒక ప్రశ్న అడుగుతాడు. దాని గురించి వీధిలో అందరికీ తెలుసు.

“ఇవి మనలాగ కాదు తల్లీ. రెండేల్లు. మా గొప్పైతే మూడేల్లు. అప్పుడేటి సేత్తావు?”

పిల్ల ఆలోచించింది. “ఏడుస్తాను.”

“ఎంతసేపు?”

“తెలీదు తాతా.”

“అయితే తీసుకెల్లు.”

మాకు ముందు వచ్చిన కాంట్రాక్టరు గారి అబ్బాయి ‘ఇంకోటి తెచ్చుకుంటాను’ అన్నాడట, కారులో వచ్చినవాణ్ణి కారులోనే పంపేశాడు. ఏడేళ్ళ పిల్లని చావు గురించి అడగడం ఏం మర్యాద అని నాకు కోపం వచ్చింది. కానీ ఎలకలు చేతికొచ్చాక ఏమంటాం.

తెల్లదానికి కొబ్బరి అనీ, గోధుమ తలదానికి బెల్లం అనీ మా అమ్మాయి పేర్లు పెట్టింది. బోను ఆయనే అరువిచ్చాడు. సెలైను సీసాకి ల్యాబు గాజుగొట్టం బిగించి తలకిందులుగా కట్టాడు, ఎలక నాలుకతో నాకితే చుక్క చుక్క వస్తుంది. కిందకి పాత ప్రాక్టికల్ రికార్డులు చింపి వెయ్యమన్నాడు. కొబ్బరిపీచు వద్దు, కాళ్ళకి చుట్టుకుంటుంది. నానబెట్టిన శనగలు, అన్నం, దోసకాయ ముక్క పెట్టాలి. ఉప్పు తగలకూడదు. జీడిపప్పు వారానికి ఒక బద్ద, పండగలాగ. మొదటి మూడు రోజులు ముట్టుకోవద్దు, బోను పక్కన కూర్చుని మాట్లాడు, నీ గొంతు వాటికి తెలియాలి అన్నాడు. ఈ చివరిది ఆయన మా పిల్ల సంగతి తెలిసి చెప్పాడా, అందరికీ అలాగే చెబుతాడా, నాకు ఇప్పటికీ తేలలేదు. ఎలా అయితేనేం, మాటలు మానేసిన పిల్ల మూడు రోజులు కూర్చుని ఎక్కాలన్నీ వాటికి ఒప్పజెప్పింది. నాలుగో రోజుకి బళ్ళో కూడా నోరు విప్పింది. ఈదురుగాలి వస్తే ఇదివరకు నా చొక్కా పట్టుకునేది. ఇప్పుడు బోను దగ్గరికి పరిగెత్తి, “భయం లేదే కొబ్బరీ, కొబ్బరాకులే,” అని దానికి ధైర్యం చెప్పేది.

ఒకసారి కొబ్బరి కంటి చుట్టూ ఎర్రగా కనిపిస్తే రక్తమనుకుని, ఇదిగో రోగిష్టి ఎలకని అంటగట్టాడు అనుకుంటూ ఆయన ఇంటికి వెళ్ళాను. తడిగుడ్డతో తుడిచి, “అది రక్తం కాదు బావూ, కన్నీరే. ఈటి కన్నీరు ఎర్రగుంటాది. సోటు మార్చారేటి? బెదిరింది,” అన్నాడు. నిజమే, ఆ రోజే బోను వీధి గదిలోకి మార్చాను. నేను మార్చానని ఆయనకి ఎవరు చెప్పారు?

దసరా సెలవుల ముందు వచ్చి బోను తిరిగిమ్మన్నాడు. “సుమ్మాదేవిలో మా సెల్లి మనవరాలికి పంపాల. మీరు సెక్కపెట్టె సేయించండి, ముందర జాలీ ఏయించండి. రంగు ఎయ్యకండి. కొరుకుతాయి.” ఇచ్చింది తీసుకుపోవడం ఏం పద్ధతి అనుకున్నాను, అయినా సరే అన్నాను. మెట్లు దిగుతుంటే వెనకనించి అడిగాను. “జీడితొక్కల నూనె రాయొచ్చా? చెదలు పట్టకుండా?”

అప్పుడు గేటు మీదుగా గూడ్సు బండి వెళ్తోంది. ఆయన వేలెత్తాడు. బండి చాలాసేపు వెళ్ళింది. వెళ్ళాక, “సూద్దాం, వత్తాను,” అని వెళ్ళిపోయాడు. వినపడలేదంటారా? నా గొంతుకి ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాదు. ఆఫీసులో ఎవరినైనా అడగండి. సూద్దాం, వత్తాను అంటే వచ్చి పెట్టె చూసి చెబుతాడనే కదా అర్థం. నేను అలాగే అర్థం చేసుకున్నాను.

సెలవులకి మా ఆవిడా పిల్లా మూలపేటకి, మా అత్తవారింటికి వెళ్ళారు. ఎలకలు నా దగ్గర ఉండిపోయాయి. పొద్దున్న పేపరు చదువుతుంటే కొబ్బరి నా చొక్కా చేతిలోకి దూరి మోచేతి దగ్గర ముడుచుకుని పడుకునేది. పళ్ళు మెల్లిగా కొరుకుతూ ఒక చప్పుడు చేసేది. అది సంతోషంగా ఉన్నప్పుడు చేసే చప్పుడని పిల్ల చెప్పింది. పేపరు తిప్పితే లేస్తుందని ఒకే పేజీ రెండుసార్లు చదివేవాణ్ణి. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

తుఫానులో మా ఊళ్ళో పడిపోయిన పనసచెట్టు చెక్క ఉంది. వడ్రంగి చేత పెట్టె చేయించాను, రెండు అంతస్తులు, నిచ్చెన, పడుకోడానికి చిన్న గది. పిల్ల వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి. దానికి నూనె రాశాను. మా ప్రాంతంలో ఎవరైనా రాస్తారు. గుమ్మాలకి రాస్తాం, దూలాలకి రాస్తాం. మూలపేట ఒడ్డున పడవలకి రాస్తారు, ఆ పడవల్లో పిల్లలు పడుకుంటారు కూడాను. జీడిపిక్కలు వొలిచే ఆడవాళ్ళ వేళ్ళు ఆ రసానికి నల్లబడి తోలు లేస్తుందని నాకు తెలీదా? తెలుసు. అందుకే పది రోజులు ఎండలో పెట్టాను. అరచేత్తో నిమిరి చూశాను. నా చేతికి ఏమీ కాలేదు. ఎలక నిమరదు, కొరుకుతుంది. రంగు వెయ్యొద్దన్నవాడు నూనె గురించి కూడా ఒక్క ముక్క చెప్పి ఉంటే? వస్తానన్నవాడు వచ్చి ఉంటే? బోను తిరిగివ్వడానికి వెళ్తే ఆయన సుమ్మాదేవి వెళ్ళాడన్నారు. బోను వాళ్ళావిడకి ఇచ్చేశాను. ఎలకలు పెట్టెలోకి వెళ్ళాయి.

మర్నాడు పిల్ల వచ్చింది. పెట్టె చూసి నన్ను చుట్టేసుకుంది. “నాన్నా, మేడ కట్టావు!” నూనె సంగతి దానికి తెలీదు. మా ఆవిడకీ తెలీదు. చెప్పేంత విషయం అనుకోలేదు.

మూడో రోజుకి కొబ్బరి శనగ ముట్టలేదు. నాలుగో రోజు మూతి వాచి, పెదవి పుండుపడింది. పళ్ళ చప్పుడు లేదు. పిల్ల వెళ్ళి ఆయన ఇంటి మెట్ల మీద కూర్చుంది. ఆయన ఊర్నించి దిగుతూనే, భుజాన సంచీతోనే మా ఇంటికి వచ్చాడు. ముందు ఎలకని చూడలేదు. పెట్టె తలుపు తీసి తల లోపల పెట్టి వాసన చూశాడు. తల బయటికి తీసి నా వైపు చూశాడు. ఒక్కసారే. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉండేవాణ్ణి. నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

దూదితో నీళ్ళు తడిపి మూతి తుడుస్తూ రెండు గంటలు కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నాలవేళకి కొబ్బరి ఆయన అరచేతిలోనే పోయింది. బెల్లం కొరకడం తక్కువ, అది బతికింది. పిల్ల ఏడవలేదు. అదే నాకు భయం వేసింది.

“గుంటతో ఒక మాట సెప్పాల,” అన్నాడాయన, మా ఆవిడతో. నాతో కాదు. ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. కిటికీలోంచి చూశాను. ఆయన గట్టు మీద కూర్చున్నాడు, పిల్ల ఎదురుగా నిలబడింది. ఆయన ఏదో చెబుతున్నాడు. పిల్ల ఏదో అడిగింది. ఈసారి వేలెత్తలేదు. వెంటనే జవాబు చెప్పాడు. పిల్ల తలూపింది. పది నిమిషాలు ఉంటుంది. నాకు ఒక్క ముక్క వినపడలేదు.

లోపలికొచ్చి పిల్ల బెల్లాన్ని తీసి తన చేత్తోనే ఆయన జేబులో పెట్టింది. “నువ్వే ఉంచు తాతా.” తరవాత నాతో, “పెట్టె వద్దు నాన్నా,” అంది. పగలగొట్టి పెరట్లో కాల్చాను. ఆ పొగకి రెండు రోజులు కళ్ళు మండాయి.

బెల్లం ఇంకో ఏడాదిన్నర బతికింది. ప్రతి ఆదివారం మా అమ్మాయి చేతులు కడుక్కుని వాళ్ళింటికి వెళ్ళేది. అది పోయిన రోజు ఏడ్చింది, వాళ్ళ వసారాలో. నేను వీధిలో నిలబడి విన్నాను. నా ఇంటికి కళ్ళు తుడుచుకునే వచ్చింది. మళ్ళీ ఏ జంతువునీ కావాలని అడగలేదు. నన్ను ఏదీ పెద్దగా అడగలేదు. మర్యాదగానే ఉండేది, ఇప్పుడూ మర్యాదగానే ఉంటుంది. అలాంటి మర్యాద నా కింద పనిచేసేవాళ్ళు చూపిస్తే సంతోషిస్తాను.

ఒకసారి బస్టాండులో ఆయన్ని ఆపాను. “ఆ రోజు నేను అడిగినప్పుడు మీరు వద్దని ఉంటే—” అన్నాను. వేలు లేచింది. టెక్కలి బస్సు వచ్చింది. ఎక్కుతూ, “సూద్దాం బావూ,” అన్నాడు. ఆ తరవాత ఎన్నిసార్లు ఎదురుపడ్డా నమస్కారం పెట్టాడు, నేనూ పెట్టాను. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? తప్పు తనది కాబట్టా? నాది అనుకునా? పిల్లతో ఏదో చెప్పేశాడు కాబట్టి నాతో పనిలేదనా?

మొన్న ఆయన సంవత్సరీకానికి వెళ్ళాను. సభలో నా మాటకి చోటు లేకపోయినా ఇంట్లో ఉంటుంది కదా. వసారా ఖాళీగా ఉంది, బోనులు బోర్లించి ఉన్నాయి. వాళ్ళావిడ నా చేతికి కాఫీ ఇచ్చి, నేను అడక్కుండానే అంది.

“మీ గుంట ఎలకపిల్ల సంగతి ఆయన మరి మర్సిపోనేదు బావూ. ‘పెట్టె సూత్తానని సెప్పి ఎల్లనేదే, ముక్కున్నోడ్ని ముక్కెట్టి సూడనేదే’ అని అంటానే ఉండీవోడు. ‘నా వల్లే పోయింది తల్లీ, మీ నాన్న తప్పేటీ నేదు అని గుంటకి సెప్పీసినాను’ అన్నాడు.”

కాఫీ చల్లారిపోయింది. నేను నమ్మాలా? పోయినవాడి గురించి భార్య మంచిగా చెప్పడంలో వింత లేదు. పిల్లకి నిజంగా అలాగే చెప్పాడా, చెప్పానని ఈవిడతో అన్నాడా? అలాగే చెప్పాడనుకుందాం. తన వల్ల ఎలక పోయిందన్నవాడి జేబులో పిల్ల రెండో ఎలకని ఎందుకు పెట్టింది? తప్పు చేసినవాడి ఇంటికి ఏడాదిన్నర ఎందుకు వెళ్ళింది? తప్పేమీ లేని తండ్రి ఎదుట ఎందుకు ఏడవలేదు? ఎన్ని రకాలుగా కలిపి చూసినా నాకు లెక్క కుదరడం లేదు. పోనీ, నా తప్పు తన మీద వేసుకోమని ఆయన్ని ఎవరు అడిగారు? నేను అడిగింది నూనె రాయొచ్చా అని. దానికి జవాబు చెప్పకుండా, నేను అడగనిదాన్ని మోసుకుపోయాడు. ఇప్పుడు మనిషి లేడు. నిలదీయడానికి ఒక్కరే మిగిలారు.

అమ్మా, నువ్వే. విశాఖలో నీ హాస్టలుకి ఈ పత్రిక వస్తుందని నాకు తెలుసు. ఫోనులో అడిగితే, “చిన్నప్పటి మాట, వదిలెయ్యండి నాన్నా,” అంటావు. అది జవాబు కాదు. నీ ముఖం చూస్తూ చెప్పలేక ఇంతమంది ముందు చెబుతున్నాను. ఆ పెట్టెకి నూనె రాసింది నేను. రాయొద్దని నాకు ఎవరూ చెప్పలేదు, రాయమనీ ఎవరూ చెప్పలేదు. పెరట్లో ఆయన తనదే తప్పని చెబితే నువ్వు నమ్మావా? నమ్మకపోతే, నాదేనని నీకు ఆ రోజే తెలుసా? తెలిసే ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అనకుండా ఊరుకున్నావా? నేను ఎవరినీ ఇలా అడగలేదు, నిన్ను అడుగుతున్నాను. తిట్టాలనుకుంటే తిట్టు. సూద్దాం అని మాత్రం అనకు. తెలుసా, తెలియదా, చెప్పు.